పాండిత్యానికి కొలబద్ద ఉందా?

పిల్లలూ! ఆదివారంనాడు మీరెప్పుడైనా హైదరాబాదులోని అబిడ్స్‌కు వెళ్ళారా? ఆరోజు అక్కడి దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి. వాటి ముందున్న ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు గుట్టలు గుట్టలుగా పోసి అమ్ముతారు. నేను నాంపల్లి స్టేషనులో రైలు దిగి, నడుచుకుంటూ జనరల్ పోస్టాఫీసు వైపు వెళ్ళి, ఆ గుట్టల ముందు కూర్చుని వెతుకుతూ ఉంటాను. ఇది ముప్పై ఏళ్ళ అలవాటు.

ఒక ఆదివారం నాకు రెండు పుస్తకాలు దొరికాయి. రెండూ ఏదో గ్రంథాలయం తీసివేసినవే. లోపలి అట్టకు తేదీల చీటీ అంటించి ఉంది. పుస్తకం ఎవరైనా ఇంటికి తీసుకువెళ్ళినప్పుడల్లా దానిమీద ఒక తేదీ స్టాంపు వేస్తారు కదా! మొదటి పుస్తకం చీటీ మీద ముప్పై ఎనిమిది స్టాంపులున్నాయి. రెండవ దాని మీద ఒక్కటీ లేదు.

మర్నాడు రెండింటినీ బడికి తీసుకువెళ్ళి, చీటీలు మాత్రమే చూపించి, "వీటిలో మంచి పుస్తకం ఏది?" అని తొమ్మిదో తరగతి పిల్లలను అడిగాను. అందరూ ఒక్క గొంతుతో మొదటిదే అన్నారు. అప్పుడు అట్టలు తిప్పి చూపించాను. మొదటిది పరీక్షలకు బట్టీ పట్టే గైడు. రెండవది మన నేలల గురించి, ఏ నేలలో నీరు ఎలా ఇంకుతుందో వివరించే చక్కటి పుస్తకం. పిల్లలు నవ్వేశారు.

స్టాంపులు అబద్ధం చెప్పాయా? లేదు. "నన్ను ఇంతమంది తీసుకువెళ్ళారు" అని మాత్రమే అవి చెప్పాయి. "నేను మంచి పుస్తకాన్ని" అని అవి అనలేదు. ఆ మాట మనమే కల్పించుకున్నాం.

ఇప్పుడు ఇదే ప్రశ్నను ఇంకొంచెం పెద్దదిగా అడుగుదాం. ఒక శాస్త్రవేత్త, ఒక పండితుడు లోకం మీద ఎంత ప్రభావం చూపాడో కొలవగలమా? "ప్రపంచంలోని 2 శాతం అగ్రశ్రేణి శాస్త్రవేత్తలలో మన జిల్లా ప్రొఫెసరు" అనే వార్త మీరు పేపర్లో చూసే ఉంటారు. అది ఎవరు కొలిచారు? దేనితో కొలిచారు?

ఉటంకింపు అంటే ఏమిటి?

శాస్త్రవేత్త ఒక కొత్త సంగతి కనుక్కుంటే దానిని వ్యాసంగా రాసి శాస్త్ర పత్రికకు పంపుతాడు. ఆ వ్యాసం చివర, తాను ఎవరెవరి పనిని ఆధారం చేసుకున్నాడో వారి వ్యాసాల పేర్లు రాస్తాడు. ఇలా పేర్కొనడాన్ని సైటేషన్ అంటారు. మనం దానిని ఉటంకింపు అందాం. ఒక విధంగా ఇది అప్పు చీటీ. "ఈ ఆలోచన నాది కాదు, ఫలానావారి దగ్గర తీసుకున్నాను" అని ఒప్పుకోవడం అన్నమాట.

వ్యాసం చివరి జాబితా చూస్తే, ఆ రచయిత ఎవరికి రుణపడ్డాడో తెలుస్తుంది. కాని దీనిని తలకిందులు చేస్తే? ఒక పాత వ్యాసానికి తరువాతి వారిలో ఎవరెవరు రుణపడ్డారో తెలుసుకోవాలంటే? అందుకు వచ్చిన వ్యాసాలన్నీ వెతకాలి. ఇది న్యాయవాదులకు ముందే అవసరమయింది. పాత తీర్పును తరువాతి తీర్పులు ఎక్కడెక్కడ ప్రస్తావించాయో చెప్పే జాబితాలను 1873లో అమెరికాలో ఫ్రాంక్ షెపర్డ్ మొదలుపెట్టాడు. అదే పద్ధతి విజ్ఞానశాస్త్రానికీ పనికివస్తుందని యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో 'సైన్స్' పత్రికలో రాశాడు. 1964లో ఆయన సంస్థ 'సైన్స్ సైటేషన్ ఇండెక్స్' అనే సూచికను అమ్మకానికి తెచ్చింది. అప్పట్లో అవి లావుపాటి సంపుటాలు. నేడు కంప్యూటరులో క్షణంలో తెలిసిపోతుంది.

గమనించండి: ఈ సూచిక పుట్టింది వెతుక్కోవడానికి. మనుషులను తూచడానికి వాడటం తరువాత వచ్చింది.

నీలిరంగు చెప్పిన కథ

మన తెలుగువాడి ఉదాహరణే తీసుకుందాం. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళి, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే దగ్గర పరిశోధనకు చేరాడు. 1925లో ఆ ఇద్దరూ కలిసి, రక్తంలోను మూత్రంలోను భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని ప్రకటించారు.

పద్ధతి ఇదీ. నమూనాలోని ఫాస్ఫేటుకు మాలిబ్డేటు కలుపుతారు. తరువాత క్షయకరణం చేసే మరో రసాయనం చేరుస్తారు. ద్రవం నీలంగా మారుతుంది. భాస్వరం ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత చిక్కన. రంగు చిక్కదనాన్ని చూసి లెక్క కట్టవచ్చు. తేలిక, చవక, నమ్మకం. ప్రపంచంలోని ప్రయోగశాలలన్నింటికీ ఇది కావలసి వచ్చింది. వాడిన ప్రతివారూ తమ వ్యాసం చివర 'ఫిస్కే, సుబ్బారావు, 1925' అని రాశారు. అలా ఆ వ్యాసానికి వేల సంఖ్యలో ఉటంకింపులు వచ్చాయి. పుట్టి నూరేళ్ళు నిండినా దాని పేరు ఇంకా వినిపిస్తూనే ఉంది.

కథ ఇక్కడితో ఆగలేదు. కండరాల నుంచి తీసిన ద్రవంలో ఈ పరీక్ష చేస్తే నీలిరంగు రావలసినంత వేగంగా రాలేదు. ఎందుకిలా? ఆ ఆలస్యాన్ని వెంటాడితే, 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే కొత్త పదార్థం బయటపడింది. 1929లో ఏ.టీ.పీ. కూడా దొరికింది. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దానిని కనుక్కున్నాడు. మనం పరుగెత్తినా, ఈ వాక్యం చదువుతున్నా మన కణాల్లో ఖర్చయ్యే శక్తి ఏ.టీ.పీ. రూపంలోనే ఉంటుంది.

ఇప్పుడు చెప్పండి. భాస్వరం కొలిచే పద్ధతి గొప్పదా, ప్రాణుల శక్తి రహస్యం గొప్పదా? రెండవదే అంటారు కదూ! కాని పద్ధతులు చెప్పే వ్యాసాలనే ఎక్కువమంది ఉటంకిస్తారు. ప్రోటీన్లను కొలిచే పద్ధతి గురించి 1951లో ఆలివర్ లౌరీ బృందం రాసిన వ్యాసానికి 2014 నాటికి 3 లక్షలకు పైగా ఉటంకింపులు వచ్చాయి. ఆ ఏడాది 'నేచర్' పత్రిక, అత్యధికంగా ఉటంకింపులు పొందిన 100 వ్యాసాల జాబితా వేసింది. అందులో చోటు దొరకాలంటే 12 వేలకు పైగా ఉటంకింపులుండాలి. 1953లో వాట్సన్, క్రిక్‌లు డి.ఎన్.ఏ. జంట మెలికను వివరించిన వ్యాసానికి ఆ జాబితాలో చోటు లేదు!

మూడు కొలబద్దలు

మొదటిది మొత్తం లెక్క. ఎన్ని ఉటంకింపులొచ్చాయో కూడడమే. దీని గుణం, దోషం ఇప్పుడే చూశాం.

రెండవది పత్రిక బలాన్ని చెప్పే 'ఇంపాక్ట్ ఫ్యాక్టర్'. దీనినే ప్రభావాంకం అందాం. ఒక పత్రిక గడచిన రెండేళ్ళలో 50 వ్యాసాలు అచ్చువేసిందనుకోండి. వాటికి ఈ ఏడాది 150 ఉటంకింపులు వచ్చాయనుకోండి. 150ని 50తో భాగిస్తే 3. అదే ఆ పత్రిక ప్రభావాంకం. ఇది సగటు. మీ తరగతి సగటు మార్కు 70 అయితే, మీకు కూడా 70 వచ్చినట్టేనా? కానే కాదు. అయినా "ఈ వ్యాసం పెద్ద పత్రికలో వచ్చింది, కనుక ఇది గొప్పదే" అని చాలామంది తీర్పు చెప్పేస్తారు.

కల్యంపూడి రాధాకృష్ణారావు గారి సంగతి వినండి. లోకం ఆయనను సి.ఆర్. రావు అంటుంది. 1920లో హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివాడు. పాతికేళ్ళయినా నిండకుండా, 1945లో కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో ఒక వ్యాసం రాశాడు. కొద్దిపాటి సమాచారం నుంచి పెద్ద సంగతిని అంచనా వేసేటప్పుడు, ఆ అంచనాలోని తప్పును ఎంతకంటే తగ్గించలేమో చెప్పే హద్దు అందులో ఉంది. దానిని 'క్రామర్-రావు హద్దు' అంటారు. అది పెద్ద దేశపు పెద్ద పత్రిక కాదు. ఐనా 2023లో ఆయనకు గణాంకశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి వచ్చినప్పుడు ప్రధానంగా చెప్పుకున్నది ఆ వ్యాసాన్నే. మధ్యలో 78 ఏళ్ళు గడిచాయి! ఆ ఏడాది ఆగస్టులోనే, 102 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశాడు. హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలో ఆయన పేరుతో ఒక పరిశోధనా సంస్థ ఉంది.

ఇంకో తమాషా చూడండి. 'క్రామర్-రావు హద్దు' పాఠ్యపుస్తకాలలోకి వెళ్ళిపోయింది కనుక, చాలామంది దానిని వాడుతూ మూల వ్యాసాన్ని పేర్కొనరు. మీరు న్యూటన్ సూత్రం రాసేటప్పుడు న్యూటన్ గ్రంథాన్ని ఉటంకిస్తారా? లేదు కదా! ఆలోచన మరీ గొప్పదైతే అందరి సొత్తు అవుతుంది. అప్పు చీటీ రాయడమే మానేస్తారు.

మూడవది హెచ్-సూచిక. 2005లో అమెరికా భౌతికశాస్త్రవేత్త జార్జ్ హిర్ష్ చెప్పాడు. వ్యాసాలను ఉటంకింపుల వరుసలో పెద్దది మొదలు చిన్నది దాకా పేర్చాలి. వరుస సంఖ్య కన్నా ఉటంకింపులు తక్కువ కాకుండా ఎంతవరకు వెళ్ళగలమో ఆ సంఖ్యే హెచ్. లెక్క చేద్దాం.

రహీం వ్యాసాలకు వచ్చిన ఉటంకింపులు: 30, 12, 7, 5, 4, 1.
నాలుగో వ్యాసానికి 5 ఉన్నాయి, సరిపోతుంది. ఐదో వ్యాసానికి 4 మాత్రమే, సరిపోదు. కనుక రహీం హెచ్-సూచిక 4.

సీత వ్యాసాలకు వచ్చినవి: 500, 3, 1.
రెండో వ్యాసానికి 3 ఉన్నాయి, సరిపోతుంది. మూడో దానికి 1 మాత్రమే, సరిపోదు. కనుక సీత హెచ్-సూచిక 2.

అన్నీ కూడితే రహీంకు 59, సీతకు 504. హెచ్ చూస్తే రహీం ముందున్నాడు. ఇద్దరిలో ఎవరు గొప్ప? కొలబద్ద మార్చగానే జవాబు మారిపోయింది. నిలకడగా పనిచేసేవారిని హెచ్ గుర్తిస్తుంది. జీవితంలో ఒక్క గొప్ప పని చేసినవారిని గుర్తించదు. పైగా హెచ్ వయసుతో పెరుగుతుందే కాని ఎన్నడూ తగ్గదు. కనుక నిన్నమొన్న పరిశోధన మొదలుపెట్టినవారిని, ముప్పై ఏళ్ళు చేసినవారిని దీనితో పక్కపక్కన నిలబెట్టరాదు.

లైకుల లెక్క

ఉటంకింపు రావడానికి ఏళ్ళు పడుతుంది. వ్యాసం చదవాలి, దానిమీద పనిచేయాలి, రాయాలి, అచ్చవ్వాలి. అంతకాలం ఆగడం ఎందుకు, సోషల్ మీడియాలో ఒక వ్యాసం గురించి ఎందరు మాట్లాడుతున్నారో, వార్తాపత్రికలు, వికీపీడియా, ప్రభుత్వ నివేదికలు దానిని ఎక్కడ ప్రస్తావించాయో లెక్కిద్దామని కొందరు పరిశోధకులు 2010లో ప్రతిపాదించారు. దానికి 'ఆల్ట్‌మెట్రిక్స్' అని పేరు పెట్టారు. ప్రత్యామ్నాయ కొలతలు అన్నమాట. ఇందులో మేలు లేకపోలేదు. పరిశోధకులు కానివారు, అంటే డాక్టర్లు, ఉపాధ్యాయులు, రైతులు, ఒక వ్యాసాన్ని వాడుకుంటే ఉటంకింపు లెక్కకు అది అందదు. ఈ కొలతకు కొంత అందుతుంది.

అయితే 2020లో జరిగింది వినండి. కరోనా మొదలైన రోజులవి. ఆ వైరస్‌లోని కొన్ని భాగాలు ఎయిడ్స్ వైరస్‌ను పోలి ఉన్నాయంటూ ఢిల్లీ పరిశోధకులు ఒక వ్యాసాన్ని జనవరి 31న ఇంటర్‌నెట్‌లో పెట్టారు. ఇతర శాస్త్రవేత్తలు ఇంకా పరీక్షించని చిత్తుప్రతి అది. గంటల్లో ప్రపంచమంతా పాకింది. ఎన్నో పుకార్లు పుట్టాయి. ఆ పోలిక యాదృచ్ఛికమని, అంత చిన్న ముక్కలు ఎన్నో జీవులలో కనిపిస్తాయని నిపుణులు చూపించారు. ఫిబ్రవరి 2న రచయితలే దానిని ఉపసంహరించుకున్నారు. లైకుల లెక్కలో మాత్రం అది ఆకాశాన్ని అంటింది!

ఇందులో మరో పాఠం కూడా ఉంది సుమా! తప్పును అంత త్వరగా పట్టుకున్నది కూడా అదే సోషల్ మీడియాలో చదివిన శాస్త్రవేత్తలే. సందడిని లెక్కించిన యంత్రానికి తప్పు కనబడలేదు. చదివిన మనుషులకు కనబడింది.

థర్మామీటరును వేడినీళ్ళలో ముంచితే...

బడి ఎగ్గొట్టాలని ఒక కుర్రవాడు, అమ్మ చూడకుండా థర్మామీటరును వేడి టీలో ముంచాడట. అంకె పెరిగింది. జ్వరం వచ్చిందా? రాలేదు. కొలత వేరు, కొలవవలసిన విషయం వేరు.

ఉద్యోగం, పదోన్నతి, డబ్బు అంకెలను బట్టి ఇస్తామంటే, కొందరు అంకెలకే జ్వరం తెప్పిస్తారు. తమ వ్యాసాలను తామే అవసరం లేకున్నా ఉటంకించుకుంటారు. "నువ్వు నాది రాయి, నేను నీది రాస్తాను" అని జట్లు కడతారు. ఒకే పనిని నాలుగు ముక్కలు చేసి నాలుగు వ్యాసాలు వేస్తారు. ఒక కొలతనే లక్ష్యంగా పెట్టుకుంటే అది మంచి కొలతగా మిగలదన్న ఈ సంగతిని, 1975లో బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ చెప్పిన దానిని బట్టి, గుడ్‌హార్ట్ సూత్రం అంటారు. పత్రికల ప్రభావాంకాన్ని చూసి మనుషులకు తీర్పు చెప్పవద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కలుసుకున్న శాస్త్రవేత్తలు, పత్రికా సంపాదకులు ఒక ప్రకటన తయారుచేశారు. 2013లో అది వెలువడింది. ప్రపంచంలో ఎన్నో సంస్థలు దానిమీద సంతకం చేశాయి.

కొలబద్దకు కనబడనివి

మళ్ళీ సుబ్బారావు దగ్గరకు వద్దాం. అంత పనిచేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళిపోయాడు. అక్కడ ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. బోదకాలు నివారణకు మన ఊళ్ళలో ఇంటింటికీ పంచే డి.ఇ.సి. మాత్ర అక్కడినుంచే వచ్చింది. ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్ అనే మందు కూడా అక్కడ తయారయింది. దానిని బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సరుతో ఉన్న చిన్నపిల్లలకు ఇచ్చి చూశాడు. కొందరిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అంతకు ముందు ఆ పిల్లలకు ఏ మందూ లేదు. 1948 జూన్‌లో అచ్చయిన ఆ వ్యాసం మీద ఐదుగురి పేర్లున్నాయి. సుబ్బారావు పేరు లేదు. రెండు నెలల తరువాత, ఆగస్టులో, 53 ఏళ్ళకే ఆయన మరణించాడు. ఆ వ్యాసానికి ఎన్ని ఉటంకింపులు వచ్చినా ఆయన లెక్కలో ఒక్కటి కూడా చేరదు. బోదకాలు మాత్ర మింగినవారు అప్పు చీటీ రాయరు.

భాష సంగతీ ఉంది. ఈ సూచికలు ఎక్కువగా ఇంగ్లీషు పత్రికలనే లెక్కిస్తాయి. హైదరాబాదులో గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు 1955లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తెలుగువారి ఆచారాలు, తిండి, ఆటల చరిత్ర రాయాలనుకున్న ప్రతివారూ ఆ పుస్తకం తెరవవలసిందే. నాంపల్లిలో చాలా ఏళ్ళు నడిచిన తెలుగు విశ్వవిద్యాలయంలో దానిని ఎందరు విద్యార్థులు పేర్కొన్నారో! అయితే తెలుగులో రాసిన ఆ సిద్ధాంత గ్రంథాలు కంప్యూటరు లెక్కకు దాదాపు అందవు.

చివరగా నా పాత విద్యార్థిని సంగతి. నల్గొండ జిల్లా బావులలో ఫ్లోరైడు ఎంత ఉందో ఏళ్ళ తరబడి కొలిచింది. ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు దీర్ఘకాలం తాగితే పళ్ళు, ఎముకలు దెబ్బతింటాయి. ఏ బావి నీళ్ళు తాగవచ్చో, ఏది తాగకూడదో తెలుగులో పట్టిక వేసి ఊరూరా పంచింది. ఒక ఉద్యోగపు ఇంటర్వ్యూలో ఆమెను "మీ హెచ్ ఎంత?" అని అడిగారట. "మూడండీ" అన్నదట. బావుల గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదట. ఆ మాట చెబుతూ ఆమె నవ్వింది కాని, నాకు నవ్వు రాలేదు.

అయితే అంకెలు పారేయాలా? వద్దు. తెలిసినవారికే, అయినవారికే ఉద్యోగాలిచ్చే చోట, ఎవరి పరిచయమూ లేని మంచి పరిశోధకుడికి ఉటంకింపుల లెక్క అండగా నిలుస్తుంది. ఎవరి పని ఎక్కడ వాడుతున్నారో వెతకడానికి ఇంతకన్న మంచి సాధనం లేదు. డాక్టరు థర్మామీటరు చూస్తాడు, తరువాత నాడి పట్టుకుని, నాలుక చూసి, "ఎక్కడ నొప్పి?" అని అడుగుతాడు. పండితుని విషయంలో కూడా అంకె చూశాక, ఆయన రాసింది తెరిచి చదవాలి. ఆ పని మన బదులు ఏ అంకె కూడా చేయలేదు.

ఆ నేలల పుస్తకం ఇప్పుడు మా బడి గ్రంథాలయంలో ఉంది. కొత్త చీటీ అంటించాం. దానిమీద నాలుగు స్టాంపులు పడ్డాయి.

చేసి చూడండి

1. మీ బడి గ్రంథాలయంలో పది పుస్తకాల తేదీ చీటీలు చూసి, స్టాంపుల సంఖ్యను బట్టి వరుసలో రాయండి. అన్నింటికన్న తక్కువ స్టాంపులున్న పుస్తకాన్ని ఇంటికి తీసుకువెళ్ళి చదవండి. మీ వరుసను మార్చాలనిపించిందా?

2. తరగతిలో ప్రతి ఒక్కరూ, ఈ నెలలో తమకు పాఠం అర్థం చేయించిన ఇద్దరు స్నేహితుల పేర్లు చీటీ మీద రాయండి. చీటీలన్నీ కలిపి లెక్కించండి. ఇదే మీ తరగతి ఉటంకింపుల సూచిక. ఎక్కువ మార్కులు వచ్చినవారు, ఎక్కువ చీటీలు వచ్చినవారు ఒకరేనా?

3. ఒక శాస్త్రవేత్త వ్యాసాలకు 9, 8, 6, 4, 4, 2 ఉటంకింపులు వచ్చాయి. హెచ్-సూచిక ఎంత?

4. ఒక పత్రిక గడచిన రెండేళ్ళలో 40 వ్యాసాలు వేసింది. వాటికి ఈ ఏడాది 60 ఉటంకింపులు వచ్చాయి. ప్రభావాంకం ఎంత?

(జవాబులు: 3వ ప్రశ్నకు 4, 4వ ప్రశ్నకు 1.5. మొదటి రెండింటి జవాబులు మీ బడిలోనే ఉన్నాయి.)